నడుముకు కట్టే కత్తి: పొడవు తగ్గించండి, మందం తగ్గించండి

(టెక్సాస్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల క్యాంపింగ్ బృందం సమావేశంలో, అక్టోబరులో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, నిలబడినవాళ్లు వచ్చి కూర్చోండి. వచ్చే నెల జింకల సీజన్ మొదలవుతుంది. మనలో ఈ ఏడాది కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్లు కొందరున్నారు. వేట మాకొద్దు, టెంట్ వేసుకుని రెండు రాత్రులు చెట్ల మధ్య పడుకుంటే చాలు అనేవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. రెండు రకాలవాళ్లూ నన్ను అడిగేది ఒకటే: అన్నా, ఏ కత్తి కొనమంటావు? ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పడం కంటే అందరికీ ఒకేసారి చెబుతానన్నాను. అందుకే ఈ సాయంత్రం.

మడత కత్తుల జోలికి పోను. అలుగు, అంటే కోసే రేకు, మడతపడకుండా పిడిలోకి దిగి స్థిరంగా ఉండేది, తోలు ఒరలో పెట్టి బెల్టుకు తగిలించుకునేది, ఇక్కడివాళ్లు ఫిక్స్‌డ్ బ్లేడ్ అనేది, దాని గురించే మాట్లాడతాను. అందులోనూ పాతకాలపు అమెరికన్ నమూనాలే. ఎందుకంటే మనం తిరిగే అడవులు ఇవి, మన లైసెన్స్ మీదున్న జింక ఇక్కడి తెల్లతోక జింక. ఈ నేల మీద దాదాపు రెండు వందల ఏళ్లుగా ఇదే పని చేసినవాళ్లు ఏం వాడారో చూస్తే సగం ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి.

మొదట బోవీ సంగతి చెప్పి దాన్ని పక్కన పెట్టేద్దాం. టెక్సాస్‌లో ఏ కత్తుల షాపులోకి వెళ్లినా అద్దాల బీరువా నడిమధ్యన బోవీ ఉంటుంది. తొమ్మిది, పది అంగుళాల అలుగు, వంపు తిరిగిన మొన, పిడి ముందు ఇత్తడి అడ్డం. చూడ్డానికి రాజసంగా ఉంటుంది, కాదనను. శాన్ ఆంటోనియోలో అలమో కోట చూసొచ్చారు కదా, 1836లో అక్కడి యుద్ధంలో చనిపోయిన జిమ్ బోవీ పేరే అది. ఆ పేరు ఊరూరా మోగింది మాత్రం 1827లో. నాచెజ్ పట్టణం దగ్గర, మిసిసిపీ నదిలో ఇసుక తిన్నె మీద ఇద్దరు పెద్దమనుషులు పిస్తోళ్లతో ద్వంద్వానికి దిగారు. ఇద్దరి గురీ తప్పింది, చేతులు కలిపేసుకున్నారు. చూడ్డానికి వచ్చిన వాళ్ల మనుషులు మాత్రం ఊరుకోలేదు, అక్కడే కొట్లాటకు దిగారు. బోవీ ఒంట్లో తూటాలు, కత్తిపోట్లు దిగినా తన పెద్ద కత్తితో ఎదుటివాణ్ణి చంపాడు. పత్రికలు దాన్ని దేశమంతా మోశాయి. ఆ తర్వాత ప్రతి మగాడికీ బోవీ కావాల్సి వచ్చింది. అంటే మనుషుల తగవులో పేరు తెచ్చుకున్న కత్తి అది. జింకను వలిచి కాదు, కట్టెలు చెక్కి కాదు. మనకు తగవులు లేవు, అపార్ట్‌మెంట్ పార్కింగ్ దగ్గర తప్ప. (నవ్వులు)

మరి ఆ కాలంలోనే అడవుల్లో నిజంగా బతికినవాళ్ల నడుముకు ఏముండేది? రాకీ పర్వతాల్లో బీవర్ తోళ్ల కోసం ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు, తర్వాత బైసన్ మందల వెంట పడినవాళ్లు, వీళ్లు వాడింది చాలావరకు మాంసం కొట్లో ఉండే సాదా కత్తి. పల్చటి అలుగు, రెండు చెక్క ముక్కలు పెట్టి మేకులు కొట్టిన పిడి. కొన్ని ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నుంచి ఓడల్లో వచ్చేవి. కొన్ని మసాచుసెట్స్‌లోని గ్రీన్‌ఫీల్డ్‌లో జాన్ రసెల్ 1834లో మొదలుపెట్టిన కార్ఖానా నుంచి వచ్చేవి. ఆయన కత్తుల మీద గ్రీన్ రివర్ ముద్ర ఉండేది. ఆ నమూనాలు ఇప్పటికీ దొరుకుతాయి, పెద్ద ఖరీదు కూడా కాదు. తోలు వలవడమే బతుకుగా ఉన్న మనిషి ఇంత సాదా కత్తి ఎంచుకున్నాడంటే, షాపులో మనల్ని ఊరించే హంగులు ఎవరి కోసమో ఆలోచించండి.

ఇక ఇద్దరు మనుషుల గురించి చెప్పాలి. ఇద్దరి పేర్ల మీదా ఈ రోజు కత్తులు అమ్ముతున్నారు కాబట్టి మీకు ఆ పేర్లు ఎదురవుతాయి.

ఒకాయన జార్జ్ వాషింగ్టన్ సియర్స్. నెస్మక్ అనేది కలం పేరు. పెన్సిల్వేనియాలో చెప్పులు కుట్టుకుని బతికిన బక్కపల్చటి మనిషి. 1883లో, అరవై దాటాక, అడిరాండాక్ సరస్సుల మీద ఒంటరిగా పడవ ప్రయాణం చేశాడు. ఆ పడవ బరువు పదిన్నర పౌండ్లు. మనం ఇండియన్ స్టోర్‌లో తెచ్చుకునే ఇరవై పౌండ్ల బియ్యం బస్తాలో సగం! బరువు విషయంలో అంత లెక్కగా ఉండే మనిషి మూడు కోసే పనిముట్లు మోశాడు: రెండు వైపులా పదునున్న చిన్న గొడ్డలి, రెండు అలుగుల మడత కత్తి, వెన్ను మీద చిన్న మూపురంలా ఉండే పల్చటి ఒర కత్తి. నెస్మక్ కత్తి అని ఇప్పుడు అమ్మేది ఆ మూపురం కత్తినే. దుకాణాలవాళ్లు ఆ ఒక్కదాన్నే చూపిస్తారు గానీ ఆయన లెక్క మూడూ కలిస్తేనే. చీల్చడానికి గొడ్డలి ఉంది కాబట్టే ఒర కత్తి అంత పల్చగా ఉండగలిగింది. చిన్నచిన్న పనులకు మడత కత్తి ఉంది కాబట్టి ఒర కత్తికి తోలు, మాంసం, రొట్టె తప్ప వేరే పని లేదు. ఒకే కత్తితో చెట్టు నరికి, తోలు వలిచి, ఉల్లిపాయ తరగాలనుకుంటే మాత్రం మూడింటికీ పనికిరాని కత్తి చేతికొస్తుంది.

రెండో ఆయన హొరేస్ కెఫార్ట్. సెయింట్ లూయిస్‌లో పెద్ద లైబ్రరీ నడిపిన మనిషి. ఉద్యోగం పోయి, సంసారం చెదిరి, 1904లో నార్త్ కరోలినా వైపు స్మోకీ కొండల్లోకి వెళ్లి ఉండిపోయాడు. ఇప్పుడు మనం ప్రతి శరదృతువులో ఆకుల రంగులు చూడ్డానికి పోయే గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్ కోసం గట్టిగా పోరాడినవాళ్లలో ఆయనొకడు. కత్తుల మీద ఆయన రాసింది వందేళ్ల తర్వాత కూడా మాట పొల్లుపోకుండా నిలుస్తుంది. బోవీ తరహా వేట కత్తి కర్ర చెక్కడానికి మరీ మందం, తోలు వలవడానికి అంతకన్నా మందం, వండుకుని తినడానికి మొన మరీ సూది అన్నాడు. ఉక్కుకు గట్టిదనం కూడా అతిగా ఎక్కిస్తారని తిట్టాడు, అలాంటి వాదర, అంటే పదునైన అంచు, పెళుసుగా చిట్లుతుంది కాబట్టి. ఆయన సొంత కత్తి ఓ పల్లెటూరి కమ్మరి చేసింది. అలుగు నాలుగంగుళాల పైచిలుకు, వెన్ను మందం అంగుళంలో ఎనిమిదో వంతు, మొన మధ్యలోకి, పిడి అరచేతిలో నిండుగా కూర్చునేది. అందమేమీ లేని కత్తి అని ఆయనే ఒప్పుకున్నాడు. నన్నడిగితే, ఒక్క కత్తే కొంటాననేవాళ్లకు ఈ నమూనాయే చెబుతాను. ఇప్పుడు చాలా కంపెనీలు కెఫార్ట్ పేరుతో చేస్తున్నాయి. పేరు కెఫార్ట్ అని పెట్టి వెన్ను మాత్రం అంగుళంలో పావు వంతు మందం ఉంచేవాళ్లూ ఉన్నారు. ఆయన బతికుంటే ఇంకో అధ్యాయం రాసేవాడు.

ఇప్పుడు పని దగ్గరికి వద్దాం. మాంసం మాటలు వినలేనివాళ్లు ఓ ఐదు నిమిషాలు బయట టీ తాగి రండి, ఏమీ అనుకోను.

జింక పడ్డాక మనకు పెద్ద శత్రువు వేడి. నవంబరు అయినా టెక్సాస్ మధ్యాహ్నం సంగతి మీకు తెలుసు, చొక్కా తడిసే రోజులుంటాయి. లోపలి అవయవాలు ఎంత త్వరగా తీసేస్తే మాంసం అంత బాగుంటుంది. పొట్ట మీద తోలు కోసేటప్పుడు వాదర పైకి పెట్టి, ఎడమ చేతి రెండు వేళ్లతో తోలును ఎత్తిపట్టి, ఆ వేళ్ల మధ్య మొన నడిపించాలి. మొన లోపలికి దిగి పేగుకు గాటు పెట్టిందంటే మాంసం కంపు కొడుతుంది. ఆరంగుళాల కత్తితో ఈ పని చేసి చూడండి, మొన ఎక్కడుందో కంటికి కనబడదు, చేతికి తెలియదు. మూడున్నర నుంచి నాలుగున్నర అంగుళాలైతే చూపుడు వేలు వెన్ను మీద పెట్టుకుని మొనదాకా అదుపులో ఉంచుకోవచ్చు. రొమ్ము లోపల, కంటికి కనబడని చోట, గొంతు గొట్టం కోసేటప్పుడు ఇంకా అవసరం. మన వేళ్లను మనమే కోసుకునే ప్రమాదం అక్కడే ఎక్కువ.

1954లో కత్తులు చేయడం మొదలుపెట్టిన బాబ్ లవ్‌లెస్ అనే ఆయన డ్రాప్ పాయింట్ అనే రూపానికి పేరు తెచ్చాడు. వెన్ను మొన వైపు మెల్లగా కిందికి వాలుతుంది. మొన పైకి లేచి ఉండదు కాబట్టి పొట్ట కోసేటప్పుడు పేగుకు తగిలే అవకాశం తక్కువ. కిందవైపు వాదర గుండ్రంగా వంగి ఉంటుంది, తోలు వలవడానికి ఆ వంపే పని చేస్తుంది. లవ్‌లెస్ చేతి కత్తులు ఇప్పుడు మనలాంటివాళ్లు కొనే ధరలో లేవు, సేకరించేవాళ్ల బీరువాల్లోకి పోయాయి. రూపం మాత్రం అందరూ చేస్తున్నారు.

ఇంకో మాట. జింక వెంట్రుక కత్తిని మొండిచేస్తుంది. అందులో మట్టి, ఇసుక ఉంటాయి. అందుకని ఎప్పుడూ తోలు లోపలి నుంచి బయటికి కోయండి. పై నుంచి వెంట్రుకల మీద కోస్తే సగం జింక అయ్యేసరికే సానరాయి వెతుక్కోవాలి. అడవి పందులైతే చేతులకు గ్లౌజులు తప్పనిసరి, బ్రుసెల్లోసిస్ అనే జబ్బు వాటి నెత్తురు నుంచి మనుషులకు అంటుతుంది.

వేట అక్కర్లేనివాళ్ల పని ఇంకా తేలిక. తాడు కోయడం, కూరగాయలు తరగడం, నిప్పు అంటుకోవడానికి ఎండుపుల్లను పల్చటి పొరలుగా చెక్కి కుచ్చులా చేయడం. దేనికీ అయిదంగుళాలు దాటక్కర్లేదు.

అందరూ పొడవు అడుగుతారు, మందం అడగరు. నాకు పొడవు కన్నా మందమే ముఖ్యం. షాపులో మందపాటి కత్తి చేతికి బరువుగా తగిలి నమ్మకం కలిగిస్తుంది. ఇంటికెళ్లి క్యారెట్ కోయండి. ఆరు మిల్లీమీటర్ల వెన్నున్న కత్తి సగం దాకా దిగి, అక్కడి నుంచి క్యారెట్‌ను కోయదు, పగలగొడుతుంది. టప్‌మని శబ్దం కూడా వస్తుంది. మూడు మిల్లీమీటర్లది, వెన్ను నుంచి వాదర దాకా సాపుగా పల్చబడుతూ వచ్చింది, చివరిదాకా కోసుకుంటూ పోతుంది. మాంసం దగ్గరా కర్ర దగ్గరా ఇదే తేడా. వాదర ఎంత పదునున్నా వెనక మందం అడ్డుపడితే ముందుకు పోదు.

ఉక్కు గురించి ఎక్కువ చెప్పను. ఇంటర్నెట్‌లో దాని మీద యుద్ధాలే జరుగుతుంటాయి. స్టెయిన్‌లెస్ కానిది, 1095 లాంటిది, దాదాపు ఒక శాతం కర్బనం ఉన్నది, చకచకా పదునెక్కుతుంది, తుడవకుండా వదిలేస్తే రాత్రికి రాత్రే తుప్పు మచ్చలు పడతాయి. నిమ్మకాయ కోసినా నల్లబడుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. స్టెయిన్‌లెస్‌లో బక్ కంపెనీ వాడే 420హెచ్‌సీ, స్వీడన్ 12సీ27 లాంటివి మనకు చాలు. గాల్వెస్టన్ వైపు ఉప్పుగాలిలో క్యాంప్ చేసేవాళ్లు, తుడవడం బద్ధకమున్నవాళ్లు స్టెయిన్‌లెస్ కొనుక్కోండి. ఉక్కు గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ లెక్క 56 నుంచి 60 మధ్య ఉంటే ఆ ప్రశ్న అక్కడితో వదిలేయండి.

డమాస్కస్ సంగతి అడగబోతున్నారు, ముఖాల్లో కనిపిస్తోంది. అలుగు మీద అలలు అలలుగా గీతలున్న కత్తులు యాభై డాలర్లకు ఆన్‌లైన్‌లో వస్తుంటాయి. చరిత్రలో ఆ పేరు తెచ్చుకున్న ఉక్కు మన దగ్గరిదే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం లాంటి ఊళ్లలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు ముద్దలు పర్షియా దాకా పోయేవి. ఆ గీతలు ఉక్కు చల్లారేటప్పుడూ, సాగగొట్టేటప్పుడూ లోపలే ఏర్పడేవి. ఇప్పుడు అమ్మేది రెండు రకాల ఉక్కు రేకులను కొలిమిలో అతికి, మడిచి, యాసిడ్‌లో ముంచి గీతలు తేల్చింది. మంచి కమ్మరి చేస్తే మంచి కత్తే. యాభై డాలర్లకు వచ్చేదాన్ని ఎవరు చేశారో, ఏ ఉక్కో, ఎంత వేడి చేశారో ఎవరికీ తెలియదు. కోనసముద్రం మీద అభిమానంతో దాన్ని కొనకండి.

పిడి దగ్గర కాసేపు ఆగాలి. అలుగు చూసి కొంటాం, పిడితో పని చేస్తాం. షాపులో కత్తి పట్టుకుని గట్టిగా పిడికిలి బిగించి ఒక నిమిషం ఉంచండి. ఎక్కడైనా అంచు గుచ్చుకుంటే, సాయంత్రానికి అక్కడే బొబ్బ. అద్దంలా పాలిష్ చేసిన పిడి కొవ్వు అంటిన చేతిలో సబ్బులా జారుతుంది. వేళ్లకు ఒక్కోదానికీ గాడి తీసిన పిడులు చూడ్డానికి బాగుంటాయి, కానీ ఆ గాడులు ఇంకెవరి చేతికో కొలిచి చేసినవి. మనవాళ్ల చేతులు ఇక్కడి సగటు చేతుల కన్నా కొంచెం చిన్నవి, పిడి పొడవు నాలుగు నాలుగుంపావు అంగుళాలుంటే సరిపోతుంది. తోలు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి చేసిన పిడి ఇక్కడి పాత సంప్రదాయం. మిషిగన్‌లో గ్లాడ్‌స్టన్ ఊళ్లో వెబ్‌స్టర్ మార్బుల్ 1900 ప్రాంతంలో చేసిన వేట కత్తులతో అది అందరికీ తెలిసింది. 1942లో మెరైన్ సైనికుల కోసం వచ్చిన కాబార్‌కూ అలాంటిదే. చేతికి హాయిగా ఉంటుంది, చెమటకు జారదు. టెక్సాస్ తేమకు బూజు పడుతుంది, మైనం రాస్తుండాలి.

అలుగు తోక పిడి లోపల ఎంతదాకా పోయింది అన్నది కూడా చూడండి. పిడి వెడల్పునా పొడవునా పూర్తిగా ఉంటే మొండి పనికి ఆగుతుంది, బరువెక్కుతుంది. సన్నగా మారి చివరిదాకా పోయి బిగించి ఉంటే అదీ మంచిదే. మధ్యలోనే ఆగిపోయి జిగురుతో అతికినదైతే వదిలేయండి.

ఒర సంగతి రెండు ముక్కల్లో. కత్తి పెట్టి తలకిందులు చేస్తే జారకూడదు. మీరు జారిపడినప్పుడు మొన ఒరను చీల్చుకుని తొడలోకి రాకూడదు. ఇంట్లో మాత్రం తోలు ఒరలో నెలల తరబడి దాచకండి, తోలు తేమ పీల్చి కత్తికి తుప్పు పట్టిస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: అన్నా, యూట్యూబ్‌లో కత్తిని మొద్దు మీద పెట్టి వెన్ను మీద కర్రతో కొట్టి చీలుస్తారు. మరి పల్చటి కత్తి ఆగుతుందా?)

అది అడుగుతారని తెలుసు. మందపాటి కత్తులు అమ్ముడుపోవడానికి సగం కారణం ఆ వీడియోలే తమ్ముడూ. మణికట్టంత పుల్లను నెమ్మదిగా చీల్చుకోవచ్చు, గొడవేం లేదు. ముడులున్న మెస్కీట్ మొద్దుకు మాత్రం చిన్న గొడ్డలి తీసుకెళ్లు. అసలు మనం ఎక్కువగా వెళ్లే స్టేట్ పార్కుల్లో కింద పడ్డ కట్టెలు ఏరుకోవడమే కుదరదు, గేటు దగ్గర కట్టల లెక్కన కొనుక్కోవాలి. చీల్చి ఎండబెట్టిన కట్టెలే అవి.

(సభలోంచి: బెల్టుకు పెట్టుకుని తిరిగితే పోలీసులు ఏమైనా అంటారా?)

టెక్సాస్‌లో 2017 సెప్టెంబరు నుంచి చట్టం చాలా సడలింది. అలుగు ఐదున్నర అంగుళాలు దాటితే మాత్రం అది కొన్ని చోట్లకు తీసుకెళ్లకూడని కత్తి అవుతుంది. బడులు, బార్లు, ఆసుపత్రులు లాంటివి. క్యాంప్ నుంచి తిరిగొస్తూ దారిలో గుడికి వెళ్దామనుకున్నా కారులోనే పెట్టి రండి. చిన్న కత్తి అయినా బడి ఆవరణలోకి తీసుకెళ్లొద్దు, వాళ్ల నియమాలు వేరు. పక్క రాష్ట్రానికి వెళ్తే అక్కడి చట్టం చూసుకోండి. నేను చెప్పిన నాలుగున్నర అంగుళాల కత్తితో ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

(సభలోంచి: ఇండియాకు నాన్నగారికి ఒకటి పట్టుకెళ్దామనుకుంటున్నా.)

చేతి బ్యాగ్‌లో వద్దు, చెక్-ఇన్ సూట్‌కేసులో సర్దండి, మొనకు అట్ట చుట్టండి. మన దగ్గర ఆయుధాల నిబంధనల్లో అలుగు తొమ్మిదంగుళాల పొడవు గానీ రెండంగుళాల వెడల్పు గానీ దాటితే, ఇంటి పనికో వ్యవసాయానికో చేసింది కాకపోతే, లైసెన్స్ లెక్కలోకి వస్తుంది. చిన్నదానికి ఆ బాధ లేదు. కానీ నాన్నగారు దాన్ని నల్లమలకో కవ్వాల్‌కో తీసుకెళ్లకుండా చెప్పండి. 1972 వన్యప్రాణి చట్టంలో ఆయుధం అన్న మాటలో కత్తి కూడా ఉంది, అభయారణ్యంలోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టకూడదు. వేట గురించి అసలు ఆలోచనే వద్దు అక్కడ. తోటలో మామిడికాయ కోసుకోమనండి.

(సభలోంచి: ఆరంగుళాల బక్ 119 మా ఆయన ఇప్పటికే కొనేశారు. వెనక్కి ఇచ్చేయమంటారా?)

(నవ్వులు) ఇంట్లో గొడవలు పెట్టను వదినగారూ. మంచి ఉక్కు, మంచి కంపెనీ, దశాబ్దాలుగా అమ్ముడవుతున్న కత్తి. క్యాంప్‌లో వంటకు బాగా పనికొస్తుంది. జింక కడుపు దగ్గర మాత్రం పొడవెక్కువ, మొన సూది. చట్టం లెక్కలో కూడా ఐదున్నర దాటింది, గుర్తుపెట్టుకోమనండి. అదే కంపెనీ ఐదంగుళాల 105 చేస్తుంది, దానికి మార్చుకోగలిగితే నయం.

(సభలోంచి: అసలు మొదటిసారి కొనేవాళ్లకి, తక్కువలో?)

స్వీడన్‌లో మోరా అనే ఊరుంది, 1891 నుంచి అక్కడ కత్తుల ఫ్యాక్టరీ నడుస్తోంది. ఇది అమెరికన్ సంప్రదాయం కాదు గానీ ఆ కత్తులు కెఫార్ట్ కోరినట్టే ఉంటాయి: నాలుగంగుళాలు, పల్చన, తేలిక. ఒక పిజ్జా ఖర్చు. వాదర ఏటవాలు వెడల్పుగా ఉంటుంది, దాన్ని రాయి మీద ఆనించి రుద్దితే కోణం అదే కుదురుతుంది, కొత్తవాళ్లు పదును పెట్టడం నేర్చుకోవడానికి ఇంతకన్నా సులువైనది లేదు. ఓ సీజన్ దాంతో పని చేయండి. మీ చేతికి ఏం కావాలో తెలిశాక డబ్బు పెట్టి కెఫార్ట్ నమూనా చేయించుకోండి. పిల్లలకైతే అదే కంపెనీ మొన గుండ్రంగా, వేళ్ల ముందు అడ్డం పెట్టి చేసినవి ఉన్నాయి. పిల్లల్ని కూర్చోబెట్టి చెక్కించండి, కత్తి ఒరలోంచి తీసి ఉండగా నడవనివ్వకండి.

టైమ్ అయిపోయింది అంటున్నారు. ఈ బల్ల మీద గ్రీన్ రివర్, కెఫార్ట్, మోరా, ఒక మందపాటి కత్తి పెట్టాను. వరసగా వచ్చి పట్టుకుని చూడండి. చేతి నుంచి చేతికి ఇచ్చుకోకండి, బల్ల మీద పెడితే తర్వాతివాళ్లు తీసుకుంటారు. చెక్క పలక, క్యారెట్లు కుడి చివర ఉన్నాయి. పిల్లల్ని పక్కనే పట్టుకోండి.